రాత్రివేళ ఇచ్చిన కానుక: మూర బిషప్పు నికొలాసుగారి చరిత్ర



శతవార్షికోత్సవ సంచికకు ఏదైనా వ్రాయమని సంపాదకవర్గము వారు అడిగినప్పుడు మా కోహీరు సంఘ చరిత్ర వ్రాద్దామనుకొన్నాను. కాని ఆ పని నాకంటె పెద్దవారు, నాకంటె ఎక్కువ చూచినవారు చేయడమే న్యాయము. నేను ఆదివారపు బడి పిల్లలతో కూర్చునే మనిషిని. అందుచేత ఆ పిల్లలలో ఒకడు వేసిన ప్రశ్ననే ఈ వ్యాసమునకు తీసుకొన్నాను. క్రిస్మస్ తాత బైబిలులో ఏ పుస్తకములో ఉన్నాడని వాడు అడిగాడు. ఏ పుస్తకములోను లేడని చెప్పాను. మరి మన గుడిలోకి ఎందుకు వస్తున్నాడన్నాడు. వచ్చే ఆదివారము చెబుతానని తప్పించుకొన్నాను. ఆ వచ్చే ఆదివారము వచ్చేసరికి నేను చదివి తెలుసుకొన్నది కొంత, పిల్లలకు చెప్పలేక పెద్దలకోసము దాచుకొన్నది కొంత, ఇక్కడ వ్రాస్తున్నాను.

డిసెంబరు వచ్చిందంటే కోహీరు చలి సంగతి వేరే చెప్పనక్కరలేదు. రాష్ట్రములో అతి తక్కువ ఉష్ణోగ్రత నమోదైన చోట్ల పేర్లు పత్రికలలో వేసినప్పుడు మన ఊరి పేరు తరచుగా వాటిలో ఉంటుంది. ఆ చలిలో, జామతోటల మీద మంచు పడుతుండగా, యువజనులు ఇల్లిల్లు తిరిగి క్రిస్మస్ పాటలు పాడుతారు. ముందు నడిచేవాడు ఎర్రని అంగీ తొడుక్కొని, దూదితో గడ్డము పెట్టుకొని, చాక్లెట్లు పంచుతాడు. పిల్లలకు సగము పండుగ అతడే. పెద్దలలో కొందరికి ఇది నచ్చదు. ప్రభువు పుట్టిన దినమున ఈ వేషమెందుకని అడుగుతారు. మరికొందరు, పిల్లల సంతోషమునకు అడ్డుపడవద్దంటారు. నా మట్టుకు నాకు ఈ వాదనలో రెండు పక్షములవారును ఆ ఎర్ర అంగీ లోపల ఎవరున్నారో చూడలేదనిపిస్తుంది. లోపల ఉన్నవాడు ఒక బిషప్పు. మన అధ్యక్ష మండలములో బిషప్పుగారు ఎట్లా ఒక దేశపు సంఘములను కాచుకొంటారో, అట్లా పదిహేడు వందల సంవత్సరముల క్రిందట ఒక సముద్రతీరపు పట్టణములో సంఘమును కాచిన మనిషి.

కానుకలు ఇచ్చుకొనే అలవాటు క్రిస్మస్‌తోనే పుట్టలేదు. రోమీయులు డిసెంబరు 17 మొదలు కొన్ని దినములు సాటర్నాలియా అనే పండుగ చేసేవారు. మైనపు వత్తులు, మట్టి బొమ్మలు ఒకరికొకరు ఇచ్చుకొనేవారు. ఆ దినములలో దాసులకు పనినుండి విడుదల, యజమానులతో కలిసి విందు. సంవత్సరాదికి ఇచ్చుకొనే కానుకలు వేరే ఉండేవి. డిసెంబరు 25ను క్రీస్తు జన్మదినముగా రోమాలో ఎంచినట్లు దొరికే మొదటి ఆధారము క్రీ.శ. 336 నాటిది. ఇక తూర్పు దేశపు జ్ఞానులు తెచ్చిన బంగారము, సాంబ్రాణి, బోళము సంగతి మనకందరికి తెలిసినదే. అయితే ఆ జ్ఞానులు బహిరంగముగా వచ్చి, హేరోదుతో కూడ చెప్పి, పెట్టెలు విప్పి ఇచ్చారు. చీకటిలో వచ్చి, ఎవరికి తెలియకుండ పెట్టి, పోయేవాని రూపము మాత్రము ఈ బిషప్పునుండియే వచ్చింది. ఆయన పేరు నికొలాసు.

ఆయన ఊరు మన బైబిలులో ఉన్నది. అపొస్తలుల కార్యములు 21వ అధ్యాయములో పౌలు ఫేనీకేకు పోయే ఓడ ఎక్కిన చోటు పతర. 27వ అధ్యాయములో ఖైదీగా రోమాకు పోతూ ఓడ మారిన చోటు మూర. రెండును లుకియ దేశపు పట్టణములు, నేటి టర్కీ దేశపు దక్షిణ తీరములో ఉన్నవి. మూరలో పౌలును ఎక్కించిన ఓడ అలెక్సంద్రియది. దానిలో గోధుమలున్నవి. తుపానులో ఓడను తేలిక చేయుటకు ఆ గోధుమలనే సముద్రములో పారబోశారు. ఈ గోధుమల ఓడ సంగతి కొంచెము జ్ఞాపకముంచుకొనండి, మరల వస్తుంది.

పౌలు ఆ దారిన పోయిన సుమారు రెండు వందల సంవత్సరముల తరువాత పతరలో ఒక కలిగిన క్రైస్తవ కుటుంబములో నికొలాసు పుట్టాడు. మూరకు బిషప్పు అయ్యాడు. డిసెంబరు 6న చనిపోయాడు. ఆయన బ్రతికి ఉన్నప్పుడు వ్రాసినది ఏదియు మిగలలేదు. ఆయన సంపూర్ణ చరిత్రను మైకేల్ అనే మఠాధిపతి తొమ్మిదవ శతాబ్దములో, అనగా అయిదు వందల ఏండ్ల తరువాత వ్రాశాడు. ఆ మధ్యకాలములో అదే లుకియలో, సియోను మఠమునకు చెందిన మరొక నికొలాసు ఉండేవాడు. 564లో చనిపోయిన ఆ మనిషి కథలు కొన్ని ఈయన కథలలో కలిసిపోయినవి. కాబట్టి నేను చెప్పబోయే వాటిలో కోర్టు కాగితమువలె రుజువు చూపగలిగినవి కొద్ది. మిగిలినది సంఘము తరతరములుగా నోట నిలుపుకొన్న సాక్ష్యము. అట్లా చదువుకొనవలెను.

నికొలాసు చిన్నవయస్సులోనే తల్లిదండ్రులు పోయారు. అంటురోగములో పోయారంటారు. ఆస్తి అంతా ఒక్క కొడుకు చేతికి వచ్చింది. దానిని ఏమి చేయాలా అని చూస్తున్న సమయములో పొరుగింటి సంగతి ఒకటి ఆయన చెవిని పడింది.

ఆ పొరుగింటాయన ఒకప్పుడు బాగా బ్రతికినవాడు. వ్యాపారము చెడిందో, అప్పులు మింగినవో, ఇల్లు మాత్రము మిగిలింది. ముగ్గురు ఆడపిల్లలు, ముగ్గురును పెండ్లియీడు వారు. ఆ దేశములో ఆ కాలములో కట్నము లేనిదే పిల్లను అడిగేవారు లేరు. తండ్రి తిరగవలసిన చోట్లన్నీ తిరిగి ఉంటాడు. చివరకు తిండి గడవక, పిల్లలను పాపపు వృత్తిలో పెట్టి ఆ వచ్చేదానితో బ్రతుకుదామన్న ఆలోచనకు దిగాడు. నికొలాసుకు తెలిసిన సంగతి ఇది.

ఒక రాత్రి బంగారు నాణెములు మూటగట్టి, ఆ ఇంటి కిటికీలోనుండి లోపల పడవేసి ఆయన వెళ్లిపోయాడు. తెల్లవారి తండ్రి ఆ మూట చూచి ఏడ్చాడు. ఆ బంగారముతో పెద్దపిల్లకు పెండ్లి చేశాడు. ఈ సంగతి గమనించవలసినది. తండ్రి ఆ సొమ్మును తన కడుపుకు వాడుకొనలేదు, పిల్ల పెండ్లికే పెట్టాడు. అది చూచిన తరువాతనే నికొలాసు రెండవ మూట వేశాడు. రెండవ పెండ్లి జరిగింది. ఇక మూడవది కూడ వస్తుందని ఆ తండ్రికి నమ్మకము కలిగి, నిద్ర మానుకొని కాచుకొని కూర్చున్నాడు. మూట నేలను పడిన చప్పుడు వినగానే బయటికి పరుగెత్తి, ఆ చీకటిలో వెంబడించి, మనిషిని పట్టుకొని, ఎవరో ఆనవాలు కట్టి కాళ్లమీద పడ్డాడు. నికొలాసు ఆయనను లేపి ఒకే ఒక మాట తీసుకొన్నాడు. తాను బ్రతికి ఉన్నంతకాలము ఈ సంగతి ఎవరికి చెప్పవద్దని.

పొగగొట్టములోనుండి వేశాడని, ఆరవేసిన మేజోళ్లలో పడిందని తరువాతివారు చేర్చినదే. ఇప్పటి పిల్లలు మేజోడు వ్రేలాడదీయడము అక్కడనుండి వచ్చింది. ఆ అలంకారములు తీసివేసి చూస్తే నాకు మిగిలేది ఆ కిటికీ. పగలు తలుపు తట్టి ఇస్తే ఏమి పోయింది? బంగారము అదే, పెండ్లి అదే. పోయేది ఆ తండ్రి ముఖము. ఒకప్పుడు నలుగురికి పెట్టినవాడు చేయి చాపలేడు. పైగా పిల్లలను అమ్ముకొందామన్న ఆలోచన ఎవరికో తెలిసిందని తెలిస్తే ఆ ఊరిలో తల ఎత్తుకొని తిరగలేడు. ఆ ఇంటి రహస్యము నికొలాసుకు తెలుసు. తనకు తెలుసునన్న సంగతి ఆ తండ్రికి తెలియకూడదని ఆయన అంత శ్రమ పడ్డాడు.

మన ప్రాంతములో ఆడపిల్లల తల్లిదండ్రులకు ఇది పరాయి దేశపు కథగా వినబడదు. వరకట్న నిషేధ చట్టము 1961లో వచ్చింది. చట్టము వచ్చిన తరువాత కూడ, గుడిలో ప్రమాణములు చేసుకొన్న పెండ్లిళ్లకు ముందు ఎన్ని ఇండ్లలో ఎన్ని లెక్కలు జరిగినవో మన కందరికి తెలుసు. పేదింటి ఆడపిల్లలను దేవత పేరు పెట్టి జోగినులుగా విడిచిన ఆచారము తెలంగాణ జిల్లాలలో మన పెద్దలు కండ్లారా చూచినదే. దానిని నిషేధిస్తూ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము చట్టము చేసినది 1988లో. పతరలోని ఆ ముగ్గురు పిల్లలకు ఏ గతి పట్టబోయిందో అటువంటి గతియే అది. నికొలాసు కట్నపు ఆచారమును ఖండించినట్లు కథలో లేదు. కట్నము కట్టి పిల్లలను గడ్డకు చేర్చాడు. ఈనాడు ఉంటే ఏమి చేసేవాడని మా ఇంట్లో ఒకసారి వాదన జరిగింది. మా ఇంటావిడ మాట, ఆ మూడు మూటలు పిల్లల చదువుకు వేసి ఉండేవాడని. నేను ఒప్పుకొన్నాను.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పుకోవలసి ఉన్నది. నాకు తొమ్మిదేండ్లప్పుడు క్రిస్మస్‌కు ముందు ఒకచోట బీదపిల్లలకు బట్టలు పంచారు. ఏ ఊరో, ఎవరు పంచారో వ్రాయను. పంచినవారి మనస్సు మంచిదే. వేదిక మీద బల్ల, బల్ల మీద చొక్కాగుడ్డలు, పేర్ల జాబితా. పేరు, తండ్రి పేరు, ఆ వెనుక ఆ ఇంటికి ఏమి లేదో అది కూడ చదివారు. మా నాయన ఆ యేడు పంట పోయి అప్పులో ఉన్నాడు. అది కూడ చదివారు. నేను పోయి గుడ్డ తీసుకొని, ఫోటో తీసేవరకు నిలబడి, దిగివచ్చాను. మా నాయన అప్పటికే అక్కడ లేడు. ఆ చొక్కా నేను రెండేండ్లు తొడిగాను, చాలా గట్టి గుడ్డ. పండుగ దినమున ఆ చొక్కాతో గుడికి బయలుదేరితే మా నాయన నాతో కలిసి నడువలేదు. ముందు పోయాడు. నికొలాసు కథ పెద్దవాడనయ్యాక చదివినప్పుడు నాకు మొదట గుర్తుకు వచ్చింది ఆ దారి.

ఆయన బిషప్పు అయిన వైనము చిత్రముగా ఉంటుంది. మూరలో పాత బిషప్పు పోయారు. చుట్టుపట్ల బిషప్పులు కూడి ఎవరిని నియమించాలో తేలక ప్రార్థన చేశారు. మరునాటి తెల్లవారుజామున మొదట గుడిలో అడుగుపెట్టే మనిషినే నియమించాలని వారిలో ఒకరికి బయలుపడింది. ఆ మనిషి నికొలాసు. పదవికోసము తిరగని మనిషికి పదవి దొరికింది.

చక్రవర్తి డయోక్లీషియన్ కాలములో 303వ సంవత్సరమున సంఘము మీద గొప్ప హింస మొదలైనది. గుళ్లు కూల్చారు, లేఖనములు కాల్చారు, కాపరులను చెరలో వేశారు. నికొలాసు కూడ చెరలో ఉన్నాడని, కాన్‌స్టాంటైన్ చక్రవర్తి రోజులలో విడుదల పొందాడని చరిత్ర వ్రాసినవారు చెబుతారు. 325లో నైసియాలో జరిగిన మహాసభకు హాజరైనవారి పాత జాబితాలు కొన్ని ఉన్నవి. కొన్నింటిలో ఆయన పేరు కనబడుతుంది, కొన్నింటిలో లేదు. ఆ సభలోనే ఆయన అరియస్‌ను చెంపదెబ్బ కొట్టాడని ఒక కథ బాగా చెలామణిలో ఉన్నది. అది వెయ్యేండ్ల తరువాత పుట్టినది. పిల్లలకు ఈ కథ చెబితే బాగా నవ్వుతారు, కాని నేను చెప్పడము మానుకొన్నాను.

అన్నిటికంటె పాత కథ వేరే ఉన్నది. మూరలో అధికారి యుస్తాతియస్ లంచము తిని ముగ్గురు నిర్దోషులకు మరణశిక్ష వేశాడు. నికొలాసు ఆ సమయమునకు ఊరిలో లేడు. వార్త తెలిసి పరుగున వచ్చేసరికి ఆ ముగ్గురు ముఖములకు గుడ్డలు కట్టి, మెడలు వంచుకొని ఉన్నారు. ఆయన జనములోనుండి దారి చేసుకొని పోయి తలారి చేతిలోని కత్తి లాగి నేలను పడవేశాడు. కట్లు విప్పాడు. తరువాత ఆ అధికారి ఇంటికే పోయి అతని ముఖము మీద అతని లంచము సంగతి చెప్పాడు. రాత్రి కిటికీలో మూట వేసిన మనిషియే ఇది చేశాడు. మేలు చేసేటప్పుడు చీకటిలో, అన్యాయమును ఎదిరించేటప్పుడు పట్టపగలు పదిమందిలో. మనము చాలామట్టుకు దీనికి తలక్రిందులుగా చేస్తామని నాకు అనుమానము, నన్ను కూడ కలుపుకొనే అంటున్నాను.

ఇప్పుడు గోధుమ ఓడలు. ఒక సంవత్సరము లుకియలో కరవు వచ్చింది. ఐగుప్తులోని అలెక్సంద్రియనుండి రాజధానికి ధాన్యము తీసుకొని పోతున్న ఓడలు మూర రేవులో ఆగినవి. పౌలు ఎక్కినటువంటి ఓడలే. నికొలాసు నావికుల దగ్గరకు పోయి ఒక్కొక్క ఓడనుండి నూరు కొలతలు ఇమ్మని అడిగాడు. వారు భయపడ్డారు. అది చక్రవర్తి ధాన్యము, అలెక్సంద్రియలో కొలిచి ఎక్కించినది, రాజధానిలో కొలిచి దించుకొంటారు, తక్కువైతే తలలు పోతాయి. బాధ్యత నాదని ఆయన మాట ఇచ్చాడు. ఇచ్చారు. రాజధానిలో కొలిచి చూస్తే ఒక్క కొలత కూడ తగ్గలేదని కథ. మూరవారికి ఆ ధాన్యము రెండేండ్లు తిండికి సరిపోయి, విత్తనమునకు కూడ మిగిలిందట. విత్తనమునకు మిగిలిందన్న మాట సేద్యము ఎరిగినవారే చేర్చి ఉంటారు. కరవులో తిండి పెట్టేవారు దొరుకుతారు, మరుసటి వానకు విత్తనము సంగతి తలచేవారు తక్కువ.

మెదకు సంగతి ఇక్కడ చెప్పకుండ ఉండలేను. మన మహాదేవాలయము పుట్టినది కరవులోనే. 1895లో ఈ దేశమునకు వచ్చిన ఛార్లెస్ వాకర్ పాస్నెట్ దొరగారు కరవు రోజులలో ఆకలిగొన్నవారిని వరుసలో నిలబెట్టి ఊరక పంచి పంపలేదు. 1914లో కట్టడము మొదలు పెట్టించి, పని ఇచ్చి, ఆ పనికి తిండి ఇచ్చారు. పది సంవత్సరములు పనిచేసి 1924 డిసెంబరు 25న ఆలయ ప్రతిష్ఠ జరిగింది. ఆ గోపురమును కోహీరునుండి పోయి మొదటిసారి చూచినప్పుడు నాకు ఎత్తు తప్ప మరేమి తోచలేదు. తరువాత తెలిసింది, ఆ రాళ్లు మోసినవారు సాయంకాలము తిండిగింజలు మూటగట్టుకొని ఇంటికి పోతే అది భిక్షము కాదు, కూలి. వారి బిడ్డలు, మనుమలు ఆ గుడి మేము కట్టినదని చెప్పుకొంటారు. నూరేండ్లు నిండిన 2024 క్రిస్మస్ నాడును ఆ మాట ఆవరణలో విన్నాను. నికొలాసు కిటికీని, ఈ కూలిని పక్కపక్కన పెట్టి చూస్తే రెండింటిలోను తీసుకొనేవాడు తల వంచనవసరము లేదు.

నికొలాసు పోయిన తరువాత ఆయన సమాధి మీద మూరలో గుడి లేచింది. ఆరవ శతాబ్దము నాటికి కాన్‌స్టాంటినోపులులో కూడ ఆయన పేరిట గుడి ఉండేది. ఓడవారు, చెరలో ఉన్నవారు, బిడ్డలు గల తల్లులు ఆయనను తమవానిగా చెప్పుకొన్నారు. 1087లో ఇటలీ దేశపు బారి పట్టణపు నావికులు ఆ సమాధి పగులగొట్టి ఎముకలను తమ ఊరికి తీసుకొనిపోయారు. భక్తి అనాలో దొంగతనమనాలో వారే ఎరుగుదురు. బారిలో ఇప్పటికిని ఉన్నవి. 1950ల పదిలో ఆ సమాధి బాగుచేయునప్పుడు వైద్యులు ఆ ఎముకలను పరిశీలించారు, ఆ వివరములను తరువాత చూచినవారు ఒకప్పుడు ముక్కు విరిగిన గుర్తు ఉన్నదన్నారు. చెరలో పడిన దెబ్బయేమో అని కొందరు తలచారు.

ఐరోపాలో డిసెంబరు 6 నికొలాసు పండుగ అయింది. ముందునాటి రాత్రి పిల్లలు పాదరక్షలు బయట పెడితే తెల్లవారి వాటిలో కానుకలుండేవి. ఇచ్చినది తల్లిదండ్రులే అయినను పేరు ఆయనది. ఎవరు ఇచ్చారో పిల్లలకు తెలియకుండ ఇవ్వడము ఆ కిటికీనుండి వచ్చిన అలవాటే. పదహారవ శతాబ్దములో మార్టిన్ లూథరు, ఆయనతోటివారు పరిశుద్ధులకు పండుగలు చేయడము తగదన్నారు. జర్మనీలో కానుకలు క్రిస్మస్‌కు జరిగి, ఇచ్చేవాడు క్రీస్తు శిశువని పిల్లలకు చెప్పసాగారు. మనము పరిశుద్ధులకు ప్రార్థన చేయని సంఘమువారము, లూథరు మాటలోని న్యాయము మనకు తెలియకపోదు. అయితే హాలెండువారు మాత్రము నికొలాసును వదలలేదు. వారి నోట ఆయన పేరు సింటర్‌క్లాస్. ఆ పేరే అమెరికా చేరి సాంటాక్లాస్ అయింది. 1823లో న్యూయార్కు రాష్ట్రపు ట్రాయ్ పట్టణపు పత్రికలో వచ్చిన ఒక గేయము ఆయనకు ఎనిమిది దుప్పులు కట్టిన బండి ఇచ్చి, క్రిస్మస్ ముందురాత్రికి తీసుకొనివచ్చింది. 1863 మొదలు థామస్ నాస్ట్ అనే బొమ్మల చిత్రకారుడు ఆయనకు బొజ్జ, గడ్డము పెంచాడు. 1931 నుండి కోకాకోలా కంపెనీ ప్రకటనలలో హాడన్ సండ్‌బ్లమ్ వేసిన ఎర్రని బొమ్మలు లోకమంతా పాకినవి. ఎర్ర అంగీని ఆ కంపెనీయే పుట్టించిందనడము తప్పు, అంతకుముందే ఉన్నది. వారు దానిని స్థిరము చేశారు. అలా ఉపవాసములు చేసిన సన్నని లుకియ బిషప్పు అంగడి ముందు గంట కొట్టే తాత అయ్యాడు.

ఆదివారపు బడిలో ఆ పిల్లవానికి ఇదంతా కాక, కిటికీ కథ మాత్రమే చెప్పాను. ముగ్గురు పిల్లలకు అన్నము లేదు, తండ్రికి సిగ్గు అని చెప్పాను, అంతవరకు వారికి చాలు. వాడు ఆలోచించి, అయితే మన క్రిస్మస్ తాత పాటలు పాడుతూ డప్పు కొట్టుకొంటూ ఎందుకు వస్తాడన్నాడు. దానికి కూడ నా దగ్గర జవాబు లేదు.

ఇప్పుడు చాలా సంఘములలో క్రిస్మస్‌కు విధవరాండ్రకు చీరలు, వృద్ధులకు కంబళ్లు ఇస్తున్నారు. ప్రత్యేక రాష్ట్రము ఏర్పడిన తరువాత ప్రభుత్వము కూడ క్రిస్మస్ కానుకలని బట్టలు పంచింది. మంచిదే, మన చలి ఎటువంటిదో చెప్పాను కదా. ఇచ్చేటప్పుడు మైకులో పేర్లు చదవడము మానుకొని, పండుగకు నాలుగు దినముల ముందే చీకటిపడిన తరువాత ఇండ్లకు చేర్చితే బాగుంటుందని ఈ మధ్య నేను కొందరు పెద్దల ముందు ఒక మాట ఎత్తాను. లెక్కలు చూచే సోదరుడు ఒకరు వెంటనే అడ్డు చెప్పారు. పదిమంది ఇచ్చిన సొమ్ము, ఎవరికి చేరిందో పదిమందికి తెలియకపోతే రేపు ప్రశ్న వస్తుందన్నారు. ఆయన అన్నది త్రోసివేయదగినది కాదు. నికొలాసు ఇచ్చినది సొంత సొమ్ము, లెక్క చెప్పవలసిన పనిలేదు. సంఘపు సొమ్ముకు లెక్క ఉండాలి. ఎంత వచ్చింది, ఎంత ఖర్చయింది, ఎన్ని కంబళ్లు, అంతవరకు గుడి గోడకు అంటించవచ్చు. పేర్లు ఒక పుస్తకములో వ్రాసి, గురువుగారి దగ్గర, లెక్కలు చూచేవారి దగ్గర ఉంచవచ్చు. ఈ మాటకు ఆ సోదరుడు కాదనలేదు, అవుననను కూడ లేదు. ఇంకను మాట్లాడుకొంటున్నాము.

ఆ చొక్కా దొరికిన యేడే మరొకటి జరిగింది. పండుగకు రెండు దినముల ముందు, తెల్లవారుజామున మా అమ్మ వాకిలి ఊడ్వడానికి తలుపు తీస్తే గడప పక్కన జొన్నల మూట ఉన్నది. పైన ఆరు జామకాయలు. చుట్టూ చూచింది, ఎవరు లేరు. మా నాయన మూట లోపలికి తెచ్చి, చేతితో కొంచెము తీసి చూచి, మంచి జొన్నలన్నాడు. ఆ పండుగకు మా ఇంట్లో రొట్టెలు కాల్చారు, పక్కింటివారికి కూడ నాలుగు పంపారు. ఎవరు పెట్టారో ఎప్పటికి తెలియలేదు. మా అమ్మకు మాత్రము ముగ్గురి మీద అనుమానముండేది. ఒకరు మా గుడి పెద్దమనిషి, ఒకరు చెలుక పక్క చెలుక రైతు, ఒకరు మా వీధి చివర ఉండే ముసలి సాయిబుగారు. ఆ ముగ్గురిలో ఎవరు ఎదురైనను ఆమె కొంగు సవరించుకొని, పక్కకు జరిగి నిలబడేది. వారిలో ఇద్దరికి ఎందుకో తెలియక ఆశ్చర్యపోయి ఉంటారు. ఆమె పోయేవరకు ఆ ముగ్గురి ఇండ్లకు క్రిస్మస్ గారెలు మా ఇంటినుండి నేనే మోసుకొనిపోయాను.